మామా ఉంగరం, థర్ల్‌మియర్ నీళ్ళు

ఇంగ్లండులో సరస్సులు చూడాలంటే ఎటునుంచి వెళ్ళాలి పిన్నీ అని మా అక్క కూతురు మొన్న ఫోన్లో అడిగింది. నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ ఎనభైల మొదట్లో, అదీ నా సరదాకి కాదు. అప్పుడు నేను షార్జాలో ఒక ఆస్పత్రిలో నర్సుని, అజ్మాన్‌లో మరో ముగ్గురు నర్సులతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. మా వార్డుకొచ్చే ఒక పెద్దావిడని మోకాలి ఆపరేషన్‌కి మాంచెస్టర్ తీసుకెళ్తూ, ఆవిడ కొడుకు ఆస్పత్రి వాళ్ళని అడిగి నన్ను తోడు పంపించమన్నాడు. ఆవిడని ఇంట్లో పనివాళ్ళలాగే నేనూ మామా అనేదాన్ని. ఆ దుబాయ్ వైపు మామా అంటే ఇంటి పెద్దావిడ. ఇది తెలియక నరసాపురంలో మా అమ్మ, ఏ మావయ్యతో వెళ్తున్నావే అని హడలిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మామా చక్రాల కుర్చీలో కూర్చుని రోజూ ఒకటే పాట, ఇంటికెప్పుడు అని. ఆ కొడుకుని మేమంతా అర్బాబ్, అంటే యజమాని అనేవాళ్ళం. తల్లి దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చోని మనిషి, ఒకరోజు వచ్చి రేపు సరస్సులు చూపిస్తానన్నాడు. నాకు అనుమానం మొదలైంది. ఎందుకంటే ఆ ముందు సాయంత్రమే ఆయన షార్జాలో తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతుంటే 'మామా', 'సిస్టర్', 'ఖలాస్' అన్న మూడు మాటలు నా చెవిన పడ్డాయి. దుబాయ్‌లో నీళ్ళ ట్యాంకరు ఖాళీ అయినా ఖలాసే, డ్యూటీ అయిపోయినా ఖలాసే, వీసా ఇచ్చిన కఫీల్ మనల్ని ఉద్యోగంలోంచి తీసేసినా ఖలాసే. మమ్మల్నిద్దర్నీ ఏ ఖలాస్ చేశాడో తెలియక రాత్రంతా పక్కమీద దొర్లాను. మామా ఇంటికి తిరిగెళ్తుందా, ఆవిడతోపాటు నన్నూ ఇక్కడే పడేస్తారా, అదే నా బెంగ.

పొద్దున్న టిఫిను కాగానే బయల్దేరాం. మాంచెస్టర్ నుంచి ఉత్తరంగా పెద్ద రోడ్డెక్కి, కెండల్ దగ్గర దిగి విండర్‌మియర్ చేరడానికి రెండు గంటలు దాటింది. కారు నడిపే నజీర్ భాయ్ పాకిస్తాన్‌లోని మీర్‌పూర్ మనిషి, ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడ్డాడు, నాతో హిందీలో మాట్లాడేవాడు. నాకు ఆయన మీదా అనుమానమే. దారి పొడుగునా కబుర్లు చెప్పినవాడు, మనం ఎక్కడెక్కడ ఆగుతామని అడిగితే మాత్రం వాతావరణం సంగతి ఎత్తుకున్నాడు. విండర్‌మియర్‌లో పడవ షికారు ఉంది, టికెట్టు మరీ ఎక్కువేం కాదు, తప్పకుండా ఎక్కండి. మేం ఎక్కలేదు. కారు నేరుగా ఒడ్డునున్న ఒక తెల్లటి పెద్ద ఇంటి ముందు ఆగింది.

మంచి హోటలు, కాఫీ ఎలా ఉంటుందో కనుక్కుని వస్తానని అర్బాబ్ లోపలికెళ్ళాడు, ఎంతకీ రాడు. పచ్చిక మీద తెల్లవాళ్ళు, అంతా ముసలివాళ్ళే, ఒళ్ళో దుప్పట్లు కప్పుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. నేను కాలు సాగదీసుకునే నెపంతో గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. గోడల పొడుగునా పట్టుకుని నడవడానికి కమ్మీలు, లోపల్నుంచి ఫినాయిల్ వాసన. ఇన్నేళ్ళు వార్డుల్లో పనిచేసినదాన్ని, హోటలుకీ ఆస్పత్రికీ తేడా తెలియదా నాకు? కారు దగ్గరికి వచ్చేసరికి మామా కిటికీలోంచి ఆ ముసలివాళ్ళనే చూస్తోంది. కాసేపటికి అర్బాబ్ వచ్చి కారెక్కాడు.

అక్కణ్ణుంచి ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా అరగంట పైన వెళ్తే థర్ల్‌మియర్ వస్తుంది. అది సరస్సే అయినా ఆనకట్ట కట్టి రిజర్వాయరు చేశారు. మాంచెస్టర్ కొళాయిల్లో వచ్చే నీళ్ళు ఇవేనని నజీర్ భాయ్ అంటే, అంత దూరం నీళ్ళెలా వెళ్తాయని నేను నమ్మలేదు, తరవాత తెలిసింది నిజమేనని. ఆనకట్ట మీద రోడ్డుంది, కుర్చీ తోసుకుంటూ వెళ్ళొచ్చు, కానీ గాలి కోసేస్తుంది. మామా ఆ నీళ్ళని చూసి, ఇన్ని తీపి నీళ్ళకి కాపలా ఎవరని అడిగింది. ఆవిడ చిన్నప్పుడు నీళ్ళు గాడిదల మీద తోలు సంచుల్లో వచ్చేవిట. కాపలా ఎవరూ లేరంటే ఆవిడకీ అనుమానమొచ్చింది.

ఇంతలో నా చెయ్యి దానంతటదే పనిచేసింది. పర్సులోంచి చిల్లర కాసు తీసి నీళ్ళలో వేశాను. కాకినాడలో నర్సింగు చదివే రోజుల్లో రాజమండ్రి బ్రిడ్జి మీద రైలు గడగడమంటే చాలు, పెట్టెలో అందరూ గోదావరిలో డబ్బులేసేవాళ్ళు. మనం ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం, అలా వెయ్యకూడదని మా అమ్మ గదిమినా నా అలవాటు పోలేదు. అదేమిటని మామా అడిగింది. నాకొచ్చిన అరబ్బీ ముక్కల్లో, నీళ్ళకి ఇస్తే నీళ్ళు మనం అడిగింది ఇస్తాయి అని చెప్పాను. ఆవిడ తప్పు తప్పు అని నవ్వి, చలేస్తోంది, కారులో దుప్పటి తెమ్మంది.

తిరిగి గ్రాస్‌మియర్ వచ్చాక టీ తాగుదామని ఆగాం. అక్కడ అల్లం రొట్టె బాగుంటుంది, కొనుక్కోండి. మామా కప్పు పట్టుకుంటే అర్బాబ్ చూపు ఆవిడ వేలి మీద పడింది. ఆవిడ భర్త పెట్టిన నీలి ఫిరోజా రాయి బంగారు ఉంగరం వేలికి లేదు. ఆపరేషన్ రోజు దాన్ని తీసి దాచి మళ్ళీ తొడిగింది నేనే. ఆయన నా వైపు తిరిగాడు.

"సిస్టర్, ఉంగరం ఏదీ?"

పొద్దున్నుంచీ అందర్నీ అనుమానించినదాన్ని, ఇప్పుడు ఆ చూపు నామీద పడింది. హ్యాండుబ్యాగు బల్లమీద బోర్లించాను. దువ్వెన, చిన్న బైబిలు, చేతిరుమాలు. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు, తల కొట్టేసినట్టయింది. అప్పుడు మామా కప్పు కింద పెట్టింది.

"పిల్లని వదిలెయ్. నీళ్ళకి ఇచ్చాను."

పిచ్చా అమ్మా, ఎందుకిచ్చావన్నాడు కొడుకు.

"ఈ పిల్ల దేశంలో ఇస్తే అడిగింది ఇస్తాయట. నన్ను ఆ తెల్ల ఇంట్లో వదలొద్దని అడిగాను. నిన్ను అడగడానికి భయమేసింది."

నడక వచ్చేదాకా చలికాలమంతా అక్కడ ఉంచమని డాక్టరు చెప్పాడు, సిస్టర్ తోడుంటుంది కదా అనుకున్నాను, అని అర్బాబ్ నేలకేసి చూస్తూ చెప్పాడు. ఆ మాట నాతోనూ ఎవరూ అనలేదు. నా బ్యాగులో సామాను ఆయనే ఒక్కొక్కటీ తీసి సర్దాడు, మామా ఏడుస్తూనే టీ తాగింది. తిరుగుదారిలో తెల్ల ఇంటి గేటు దగ్గర, అర్బాబ్ ముందే చెప్పి ఉంచాడేమో, నజీర్ భాయ్ కారు నెమ్మది చేశాడు.

"సీదా," అన్నాడు అర్బాబ్.

అరబ్బీ అయినా హిందీ అయినా కారులో అందరికీ అర్థమైన మాట అది, తిన్నగా పోనీయ్ అని. ఆ నెలలోనే షార్జాలో దిగాం. చాలా ఏళ్ళు ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు ఆ బోర్లించిన బ్యాగే గుర్తొచ్చేది, కోపమొచ్చేది. ఇప్పుడు నాకూ మోకాళ్ళ నొప్పులు, ఇప్పుడు మామా మాటే గుర్తొస్తుంది. కన్నకొడుకుని అడగలేక, ఊరూ పేరూ తెలియని నీళ్ళని అడిగింది. అందుకని వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. ఆనకట్ట మీద చలి కాబట్టి స్వెట్టర్లు ఎలాగూ సర్దుకుంటారు, పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్తే మాత్రం, మళ్ళీ ఇంటికి ఎప్పుడు తీసుకొస్తారో కారెక్కే ముందే వాళ్ళకి చెప్పండి.