ఎదురెక్కే చేపలకి నేను కట్టిన నున్నటి దారి

కరోనా తగ్గి బస్సులు మళ్ళీ నిండుగా తిరుగుతున్న ఏడాది అది. చిన్న నీటిపారుదల పనుల్లో ఓవర్సీర్‌గా ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి, రిటైరై, గుణుపూరులో ఇంటిపట్టున ఉంటున్నాను. మా నాన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఫిట్టరుగా చేసేవారు. నీళ్ళను ఆపితే దీపాలు వెలుగుతాయన్నది నాకు అక్షరాలకంటే ముందు తెలిసిన సంగతి. బొయిపరిగుడలో మొదలై, కాశీపూర్ మీదుగా గుణుపూరు చేరేదాకా నా ఉద్యోగమంతా నీళ్ళకు అడ్డం కట్టడమే. నేను కట్టినవాటిలో ఒక్కటీ వరదకు కొట్టుకుపోలేదు. ఆ గర్వం నాకు ఒక పాలు ఎక్కువేనని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఒక ఉదయం రాయగడ నుంచి జగన్నాథం గారని ఒకాయన ఫోన్ చేశారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. గుణుపూరుకు ఆరు మైళ్ళ అవతల, ఇరవయ్యేళ్ళ కిందట నేను గెడ్డ మీద కట్టిన వియర్ గురించి మాట్లాడాలన్నారు. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. వియర్ అంటే దానికి అడ్డంగా కట్టే పొట్టి గోడ. దానివల్ల నీటిమట్టం పెరిగి పక్క కాలవలోకి నీళ్ళు మళ్ళుతాయి, మిగిలిన నీళ్ళు గోడమీంచి దూకి పోతాయి. ఏదో పొగడబోతున్నారనుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"దానివల్ల చేపలు పైకి ఎక్కలేకపోతున్నాయండీ. దారి విప్పాలని మేం కొందరం డబ్బు వేసుకున్నాం. గోడ లోపల ఏముందో మీకే తెలుసునన్నారు" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆ గోడ కింద పండే వరిని ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చూశానన్నారు. మరి గోడమీద మీకేం కోపం అన్నాను. కోపం కాదంటూ ఆయన తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక కల్వర్టు దగ్గర గూడ్సు బండి సిగ్నల్ కోసం ఆగేదట. తొలకరిలో ఆ కల్వర్టు సిమెంటు అంచుకేసి చేపలు ఎగిరి, కొట్టుకుని, వెనక్కి పడేవట. "పచ్చజెండా పట్టుకుని అవి చచ్చిపోతుంటే చూసేవాణ్ణండీ. దిగి ఏం చేయగలను? ఇప్పుడు తీరిక ఉంది, పెన్షనుంది" అన్నారు. ఆయనతో పాటు చేయి వేసినవాళ్ళలో ఇద్దరు రిటైరైన టీచర్లు, ఒక నర్సు, ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో మెషీన్లు నడిపి మానేసిన కొందరు ఉన్నారు. ఒక్కరూ ఆ గెడ్డను చూసినవాళ్ళు కాదు.

ఇష్టం లేకుండానే వెళ్ళాను. గోడ ఎక్కడా పగలకుండా నిలబడి ఉంది. దిగువన శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు. ఎగువన ఏడిళ్ళ జాలరి పేట. ఆ పేటలో పోలమ్మ అనే ఆవిడ గుమ్మంలో కూర్చుని వలకు చిరుగులు కుడుతోంది. ఏడాదిగా తడవని వల అది.

"సేపలుంటే కదా బాబూ తడపడానికి" అంది పోలమ్మ. "తొలకరికి ఏట్లోంచి ఎగబాకి పై మడుగుల్లోకి గుడ్లెట్టడానికొచ్చేవి. గోడడ్డం. పెద్ద వరదొచ్చినప్పుడు ఏదో ఒకటీ అరా. మా ఆయన పట్నం కూలికి పోతన్నాడు. ఈ వానలకి సేపెక్కితే ఉంటాడంట. నేకపోతే ఇంటికి తాళవెట్టి నన్నూ తీసుకుపోతాడంట."

ఆమె భర్త ఎర్రయ్య లోపలే ఉన్నాడు. బయటకు వచ్చి నమస్కారం పెట్టాడు. నన్ను గుర్తుపట్టినట్టే చూశాడు. నేను మాత్రం గుర్తుపట్టలేదు.

దిగువ ఊళ్ళో గొడవ వేరు. అక్కడి పెద్దరైతు దాలినాయుడు కర్ర నేలకానించి, "ఓర్సీర్ బాబూ, కట్టినోడివి నువ్వే, ఇప్పగొడతానంటావేటి? రొండో పంటకి నీలెవులిత్తారు, సేపలా?" అన్నాడు. న్యాయమైన మాటే. నాలుగుసార్లు కూర్చుంటే గానీ ఒప్పందం కుదరలేదు. గోడ పడగొట్టకూడదు. ఒక పక్కన పైఅంచులో జానెడు లోతు గండి కోసి, దాని ముందు నుంచి దిగువకు ఏటవాలుగా రాక్ ర్యాంప్ కట్టాలి. అడుగు ఎత్తుకు పదిహేనడుగుల పొడవున నీళ్ళు మెల్లగా జారే బాట అది, చేపలు ఎదురీదడానికి. కార్తీకం వెళ్ళాక ఆ గండికి చెక్కలు దించి నీళ్ళు ఆపుకునే హక్కు రైతులది. ఆఫీసు అనుమతి కాగితం చేతికొచ్చేసరికి వేసవి వచ్చేసింది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి.

పనికి మేస్త్రీ సింహాచలం. మా వైపు అంత మంచి చేయి లేదు. అతను పూసిన గచ్చు మీద ముఖం చూసుకోవచ్చు. ర్యాంప్ కోసం జగన్నాథం గారు ఎవరినో కనుక్కుని తెచ్చిన కాగితంలో బొమ్మంతా గుండ్రాళ్ళు, ఎగుడుదిగుళ్ళు. అది చూసి సింహాచలం, "ఇదేటి బాబూ, పని తెలీనోడు సేసినట్టుంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రాళ్ళు పరిచాం, కానీ సందులన్నీ కాంక్రీటుతో నింపి పైన నీట్ ఫినిషింగ్ ఇచ్చాం. అంటే ఉత్త సిమెంటు పాలు పోసి తాపీతో రుద్ది నున్నగా చేయడం. నీళ్ళు తగిలే పని ఏదైనా ఇలాగే ముగించాలని నాకు మా గురువు నేర్పారు, నేను ఎందరికో నేర్పాను. గరుకుగా వదిలిన పనికి ఉద్యోగంలో నేను సంతకం పెట్టలేదు. సిమెంటు గట్టిపడే క్యూరింగు రోజుల్లో జగన్నాథం గారు స్టూలు వేసుకుని తడి గోనెలు ఆరకుండా చూసుకున్నారు. పేరు చెక్కిన పలక పెడదామంటే వద్దన్నారు.

తొలకరి పడింది. మర్నాడు మధ్యాహ్నం గెడ్డ ఎర్రగా పొంగింది. అందరం గట్టుమీద చేరాం. ర్యాంప్ మొదట్లో పరిగెలు, జెల్లలు గుంపులుగా వచ్చాయి. ముందువరుస చేపలు నాలుగడుగులు ఎగబాకాయి, జారిపోయాయి. మళ్ళీ ఎగబాకి మళ్ళీ జారాయి. నీళ్ళు ఆ నున్నటి గచ్చు మీద పలచగా, జోరుగా దూసుకువస్తున్నాయి. చేపకు ఆగడానికి చోటు లేదు. చీకటి పడేదాకా చూశాం. ఒక్కటీ గండి చేరలేదు.

ఎర్రయ్య లేచి పంచె దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తెల్లారి బస్సుకు పట్నం కూలికి పోయాడని తర్వాత తెలిసింది. ఇల్లు సర్దుకోమని, నెలాఖరుకు వచ్చి తీసుకుపోతానని పోలమ్మకు చెప్పాడట.

నేను జగన్నాథం గారితో నీళ్ళు చాలలేదని, ఇంకో వరద చూద్దామని ఏవేవో చెప్పాను. ఆయన తలూపారు. ఆ తలూపడం నన్ను తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. మూడో రోజుకు వాన ఆగి నీళ్ళు తగ్గాయి. పోలమ్మ వచ్చి ర్యాంప్ మీద కాలు పెట్టింది. కాలు సర్రున జారితే సింహాచలం చేయి పట్టుకుని నిలబెట్టాడు.

"నానే నిలబడనేకపోతన్నాను, సేపెలగ నిలబడతాది?" అంది. కోపంగా అనలేదు. "రాయుంటే రాయి ఎనకాల నీలు మెత్తగుంటాది బాబూ. అక్కడ అలుపు తీర్సుకుని మళ్ళీ ఎక్కుతాది. మీరు దానికి అరుగులన్నీ తీసేసేరు."

సింహాచలం నా వైపు చూడలేదు. నేనూ అతని వైపు చూడలేదు. ఇద్దరం ఒకే తప్పు చేశాం, అదీ ఎంతో శ్రద్ధగా చేశాం. కాసేపటికి అతనే సుత్తి తీసి, తన చేత్తో పూసిన గచ్చును తానే కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకు నాకు ప్రాణం చివుక్కుమంది.

వానకూ వానకూ మధ్య దొరికింది ఎనిమిది రోజులు. దిగువ ఊరి నుంచి దాలినాయుడు మనుషుల్ని తీసుకొచ్చాడు. వాళ్ళకు కూలి ఎంతివ్వాలని అడిగితే, "ఆ సేపలు అలగ జారిపోతంటే నానూ సూడనేకపోయేను, పట్టు" అని గెడ్డలోంచి ఒక రాయి తానే ఎత్తి అందించాడు. గుండ్రాళ్ళను సగం పాతి సగం పైకి వదిలాం. ఏ రాయి ఎక్కడుండాలో పోలమ్మ చెప్పింది. ఒక్కోచోట నీళ్ళలో చేయి పెట్టి, "ఇక్కడ ఇసురెక్కువ, ఇంకోటెట్టండి" అనేది. నేను కొలతలు రాసుకున్నాను. నా ఉద్యోగంలో అంత వంకరటింకర పని ఎప్పుడూ చేయించలేదు.

తర్వాతి వరద పొద్దున్నే వచ్చింది. మొదట ఒక జెల్ల రాయి వెనక ఆగింది. తోక ఆడిస్తూ చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత పై రాయికి, దానిమీది రాయికి ఎక్కి గండిలోంచి అవతల పడింది. దాని వెనకే పరిగెలు గుంపుగా ఎక్కాయి. జగన్నాథం గారు గొడుగు మూసేసి వానలో నిలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

పోలమ్మ పక్కనే ఉంది. చేతికందే దూరంలో చేపలు వెళుతున్నా వల తీయలేదు. ఎందుకని అడిగాను.

"ఎక్కే సేపని ముట్టుకోం బాబూ. కడుపుతో ఉంటాది. గుడ్లెట్టి దసరాకి దిగినప్పుడే పడతాం" అంది. అప్పటిదాకా తిండికి ఏం చేస్తావని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె మాత్రం ఫోన్ తీసి ఎర్రయ్యకు చేసి, "ఎక్కేయి. నాను రాను, నువ్వే రా" అని పెట్టేసింది.

దసరాలకు ఎర్రయ్య వచ్చాడు. నేను వెళ్ళేసరికి దిగుతున్న చేపలకు వెదురు బుట్టలు అడ్డం పెడుతున్నాడు. పాతరోజుల్లో పడినన్ని పడలేదట, అయినా పట్నం కూలికి వెళ్ళనన్నాడు. పిల్ల చేపల్ని ఏరి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తున్నాడు. అతని పక్కన గట్టుమీద కూర్చున్నాను. మనసు తేలికగా ఉండి, కొంచెం పెద్దరికంగా అన్నాను, "ఏం చేస్తాం ఎర్రయ్యా, చేపల సంగతి గోడ కట్టినప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడే దారి వదిలేవాణ్ణి."

అతను బుట్ట సర్దడం ఆపలేదు.

"సెప్పకేటి బాబూ? మా అయ్య సెప్పేడు. పునాది తవ్వతన్నప్పుడు నానూ ఎంట ఉన్నాను. సేపలెలగెక్కుతాయి బాబూ అనడిగేడు. సేపలకి మెట్లు కట్టమంటావేటని నువ్వు నవ్వేవు. అందరూ నవ్వేరు. మా అయ్య కూడా నవ్వి ఒచ్చేసేడు."

ఎంత ఆలోచించినా నాకు ఆ రోజు గుర్తు రాలేదు. ఆ ముసలాయన ముఖం గుర్తు రాలేదు. ఇరవయ్యేళ్ళుగా అది ఆ ఏడిళ్ళలో అందరికీ తెలుసు, నాకు తప్ప. నన్ను చూసి నమస్కారం పెట్టిన రోజున కూడా ఎర్రయ్యకు తెలుసు.

ఈ వృత్తిలో ఉన్న పిల్లలు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. నీళ్ళ లెక్క, ఇసుక లెక్క, సిమెంటు పాళ్ళు మీకు కాలేజీలో చెబుతారు. పునాది దగ్గరకు వచ్చి బెరుకుగా ఒక మాట అడిగే మనిషి గురించి ఎవరూ చెప్పరు. అతను అడిగినప్పుడు తాపీ పక్కన పెట్టి వినండి. ఆ రోజు నేను విని ఉంటే నాలుగు బళ్ళ గెడ్డరాళ్ళతో పోయేది. ఆ గెడ్డతో ఏ సంబంధమూ లేని ఒక నర్సు, ఇద్దరు టీచర్లు, ఒక గార్డు ఇన్నేళ్ళ తర్వాత తమ పెన్షన్లలోంచి తీసి కట్టింది, ఆ రోజు నేను నవ్విన నవ్వు ఖరీదు.