గుక్కెడు నీళ్ళు

గుత్తి బస్సులో నా పక్కన ఒకామె ఒళ్ళో కూతురికి కథ చెబుతాండింది. కరువు ఊర్నుంచి ఒకడు నీళ్ళు వెతుక్కుంటూ పోయినాడంట. కొండలు దాటినాడు, రాక్షసుణ్ణి గెలిచినాడు. నా నవలలో నాయకుడు కూడా అంతవరకూ వచ్చి, ఇల్లు చేరే అధ్యాయం దగ్గర ఏళ్ళుగా ఆగిపోయినాడు.

"వాపసు వచ్చినాడా అమ్మా?" అనింది పాప.

"వచ్చినాడు, నీళ్ళు తెచ్చినాడు. వాళ్ళమ్మ గుర్తుపట్టలేదు. 'ఎవరప్పా నువ్వు, దప్పికైతాందా?' అని ఇంట్లో మిగిలిన గుక్కెడు నీళ్ళు వానికే ఇచ్చింది."

పాప కళ్ళు తుడుచుకుంది. ఏళ్ళుగా నాకు దొరకని ముగింపు ఆమెకు దొరికిందని అసూయ పుట్టింది.

"ఈ కథ యాడ విన్నావమ్మా?" అన్నాను.

"యాడా లేదన్నా, ఇప్పుడే నోటికొచ్చింది," అని నవ్వి, పామిడిలో దిగిపోయింది.

తర్వాత నా నవల అచ్చయింది. నాయకుడు ఇల్లు చేరతాడు, ఊరంతా ఎదురొస్తుంది. చదివినవాళ్ళు బాగుందంటారు. ఆ అధ్యాయం నేను మాత్రం మళ్ళీ చదవలేదు.