డెస్మండ్ గారి బోగీకి రెండో వైపు

మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గోళ్ల రంగు తుడుచుకుంటోంది. ఆ సీసా మూత తీయగానే ఘాటైన వాసన వంటింటి దాకా వచ్చింది. ఆ వాసనకి కొందరికి తలనొప్పి వస్తుంది. నాకు కోపం వస్తుంది. గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "అమ్మా, వై ఆర్ యూ మ్యాడ్? నేను ఏం చెయ్యలేదు" అంది పిల్ల. నీ మీద కాదులే అన్నాను. మరి ఎవరి మీద అని అడిగితే చెప్పడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట పిల్లకి ఓపిక ఉండదు, అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మేము మొదట అద్దెకున్న ఇంటి పక్కిల్లు డెస్మండ్ గారిది. ఆయన ఐర్లాండ్‌లో పుట్టి, వయసులో ఉండగా డెట్రాయిట్ వచ్చి, కార్ల భాగాలకు అచ్చులు చేసే పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు. అందరూ ఆయన్ని డెస్ అనేవారు. నా నోటికి అది రాక "మిస్టర్ డెస్మండ్" అనేదాన్ని. బ్యాంకువాళ్లు కూడా నన్ను అలా పిలవరని నవ్వేవారు. ఆయన గరాజ్‌లో కారుకి చోటుండేది కాదు. గోడ పొడుగునా ఒక బల్ల, బల్ల మీద జానెడు పొడవున్న రైలు బోగీలు, అన్నీ ఆయన ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, రంగు వేసి చేసినవి. ఆ రేకులు అతికించే ద్రావకానిదీ, గోళ్ల రంగు తుడిచే మందుదీ ఒకటే వాసన.

ఒకసారి ఆయన పార్సెల్ పొరపాటున మా గుమ్మంలో పెట్టిపోయారు. ఇవ్వడానికి వెళితే అక్కడే విప్పారు. లోపల శనగగింజంత చక్రాలు. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మీ ఊళ్లో రెండు పట్టాల మధ్య దూరం ఎంత అని. కాజీపేటలో పుట్టి, కాలేజీ చదువంతా రైళ్లలో తిరుగుతూ చదివినదాన్ని, మెకానికల్ ఇంజనీరుని, తెల్లమొహం వేశాను. ఆయనే చెప్పారు. మాది అయిదడుగుల మూడంగుళాలు, మీది అయిదడుగుల ఆరు, మా కంటే మూడంగుళాలు ఎక్కువ అని. అదేదో నేను స్వయంగా వేయించినట్టు నాకు అభినందనలు చెప్పారు.

అసలు బోగీలో ఒక అడుగు ఆయన బల్ల మీద నాలుగు మిల్లీమీటర్లు. ఆ లెక్కన పట్టాల మధ్య ఇరవై ఒక్క మిల్లీమీటర్లు ఉండాలి. బజార్లో దొరికే బొమ్మరైలు పట్టాలకి పదహారున్నరే ఉంటుంది. అందుకని పట్టాలు కూడా ఆయనే వేసుకునేవారు. ఊళ్లో మోడల్ రైళ్ల క్లబ్బు ఒకటుంది. ఆయన బోగీలు క్లబ్బు పట్టాల మీద నడవవు. నాలుగున్నర మిల్లీమీటర్ల కోసం ఒంటరివాడివయ్యావు డెస్ అని వాళ్లు ఆటపట్టించేవారు. ఆయనకి ఒళ్లు మండేది. ఇంగ్లండు బోగీ బొమ్మకి ఐరిష్ రంగు పూసి, ఇదే ఐర్లాండ్ బోగీ అని పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ల సంగతి ఎత్తితే ఇంకా మండేది. "పక్కింటివాడి ఫొటోకి మా నాన్న పేరు రాసి గోడకి తగిలించుకోమంటున్నారు" అనేవారు. ఆఫీసులో నన్ను హిందీలో పలకరించి, మీ భాష నాకు కొంచెం వచ్చు అని మురిసిపోయేవాళ్లను రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఆ మంట నాకు బాగానే అర్థమైంది. శనివారాలు కాఫీ కప్పుతో ఆ గరాజ్‌లో కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ బల్ల మీద ఒక బోగీ ఉండేది. ఒక వైపు చూస్తే ప్రాణం లేచివస్తుంది. ఆకుపచ్చ రంగు, తలుపుల పిడులు, కిటికీల చుట్టూ వెంట్రుకంత అంచులు, కింది భాగం లోపలికి తిరిగే ఆ మెత్తని వంపు. తిప్పి చూస్తే ఏమీ లేదు. తెల్లటి ప్లాస్టిక్ రేకు, అంతే. పదకొండేళ్లుగా అలాగే ఉందట. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊరి స్టేషన్‌లో ఆగే రైల్లోది ఆ బోగీ. దానికి దొరికిన ఫొటో ఒక్కటే, అది ప్లాట్‌ఫారం వైపునుంచి తీసినది. రెండో వైపు కిటికీలను తర్వాత ఎప్పుడో వర్క్‌షాపులో మార్చారని మాత్రం తెలుసు. ఎన్ని, ఎక్కడెక్కడ అనేది ఎవరూ రాసిపెట్టలేదు, అసలు బోగీని ఎప్పుడో తుక్కు కింద వేసేశారు. ఆయన ఉత్తరం రాయని ఆఫీసు లేదు, రాయని ముసలి రైల్వే ఉద్యోగి లేడు. క్లబ్బు ప్రదర్శనకి తీసుకెళ్తే ఆ తెల్ల వైపు గోడకి తిప్పి పెట్టమనేవారు. ఈయన వినేవారు కాదు.

నాకు ఆయన మీద జాలి కలిగింది. జాలి ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు. నా ఉద్యోగం కంప్యూటర్‌లో కారు భాగాలు గీయడం. అందులో మేము సగమే గీస్తాం. ఎడమ తలుపు గీసి మిర్రర్ అని ఒక బటన్ నొక్కితే కుడి తలుపు తయారు. ఆయన పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ చేద్దామని ఆ ఫొటో వైపును వారంపాటు కొలతలతో గీసి, మిర్రర్ కొట్టి, ఊరి లైబ్రరీలో అందరూ వాడుకోవడానికి పెట్టిన కటింగ్ మెషీన్‌తో ప్లాస్టిక్ రేకు మీద కోయించి, కవరులో పెట్టి తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన కళ్లద్దాలు మార్చుకుని, వెర్నియర్‌తో నాలుగైదు చోట్ల కొలిచారు. ఇంత సన్నని అంచు నా చేత్తో రాదు అన్నారు. నేను పొంగిపోయాను. తర్వాత దాన్ని బోగీ తెల్ల వైపు ఆనించి పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ తలుపు తీసుకుని ఎక్కినవాడు ఎక్కడికి వెళతాడు?"

"కంపార్ట్‌మెంట్‌లోకి."

"అవతలి వైపు తలుపు తీసుకుని ఎక్కినవాడు?"

"కంపార్ట్‌మెంట్‌లోకే."

"మరి వీళ్లు నడిచే దారి ఎక్కడుంది, కల్యాణీ?"

అలాంటి బోగీలో ఒక వైపు కంపార్ట్‌మెంట్లు, రెండో వైపు పొడుగునా కారిడార్ ఉంటాయి. రెండు వైపులా ఒకేలా ఉండే వీలే లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి రైలెక్కిన నేను అందులో మనుషులు నడుస్తారన్న సంగతే మరిచిపోయాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అటువైపు ఎలాగూ ఎవరూ చూడరు కదా అన్నాను. అప్పుడు ఆయన మొహం ఎర్రబడింది.

"నేను పదకొండేళ్లుగా నాకు తెలియదని ఒప్పుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఒక్క వారంలో తెలుసని చెప్పేశావు."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన మీద కోపంతోనే ఏడ్చాను. వారం రోజుల కష్టం, ప్రేమతో చేసినది, అలా మొహాన కొడతారా అని. "ముసలాయనకి చాదస్తం, లైట్ తీస్కో. బొమ్మ రైలు కోసం ఇంత సీరియస్ అయితే ఎట్లా?" అన్నాడు మా ఆయన. రెండు వారాలు ఆ గరాజ్ వైపు చూడలేదు. మూడో వారం పెద్ద మంచు పడింది. పొద్దున లేచి చూస్తే మా డ్రైవ్‌వే మీది మంచంతా ఎత్తిపోసి ఉంది, ఆయన పార భుజాన వేసుకుని తన ఇంటికి పోతున్నారు. సారీ ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. శనివారం కాఫీకి వెళ్లాను. ఆ కవరు ఏమైందని అడగలేదు. చెత్తలో పారేసి ఉంటారనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఆఫీసులో సీటు కింద బిగించే బ్రాకెట్ల రిపోర్టు నా దగ్గరికి వచ్చింది. ఎడమ వైపువి నేనే కొలిచాను. కుడి వైపువి ఇంకా చేతికి రాలేదు. మా మేనేజర్ శ్రీకాంత్, మన గుంటూరువాడే, నా కుర్చీ వెనక నిలబడి "లెఫ్ట్ ఓకే అయితే రైట్ కూడా ఓకేనే కదండీ, సిమ్మెట్రిక్ పార్ట్. ఫిల్ చేసేయండి, ఈవెనింగ్‌కి సబ్మిట్ చేయాలి" అన్నాడు. ముందు నెలలోనే నా వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్లు ఆయన సంతకానికి వెళ్లి ఉన్నాయి. భయం లేదంటే అబద్ధం. అయినా కుడి వైపు గడి మీదికి వేళ్లు పోలేదు. అందులో, కొలవలేదు అని రాసి పంపాను. దానికి ఏడాది చివర రివ్యూలో టీమ్‌తో కలిసిపోదు అన్న బిరుదు దక్కింది. కుడి బ్రాకెట్లు తర్వాత వచ్చాయి, భేషుగ్గా ఉన్నాయి. చూశారా, అనవసరంగా లేట్ చేశారు అని శ్రీకాంత్ ఇప్పటికీ దెప్పుతాడు. బాగున్నాయో లేదో ఆరోజు ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఈ చిన్న విషయం అంత పెద్ద చదువులు చదివిన మనిషికి ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

డెస్మండ్ గారు ఒక వసంతంలో నిద్రలోనే పోయారు. కొడుకు వచ్చి వారంలో ఇల్లు ఖాళీ చేసి, బోగీలన్నీ క్లబ్బుకి ఇచ్చేశాడు. అతన్ని నేనేమీ అనను, అతనికి వాటి సంగతి తెలియదు. నా కోపం తెలిసినవాళ్ల మీద.

ఆ చలికాలం ఒక చర్చి హాల్లో క్లబ్బు ప్రదర్శన పెడితే వెళ్లాను. మధ్యలో గాజుపెట్టెలో ఆయన బోగీలు, కింద అచ్చు వేసిన కార్డు, మా సభ్యుడు డెస్మండ్ తయారుచేసిన ఖచ్చితమైన ఐరిష్ నమూనాలు అని. బతికున్నన్నాళ్లూ వెక్కిరించినవాళ్లకి ఇప్పుడు మా సభ్యుడయ్యాడు. సరే పోనీ అనుకుని బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాను. ఆ బోగీకి తెల్ల వైపు లేదు. ఆకుపచ్చ రంగుతో, పిడులతో, వెంట్రుకంత అంచులతో నేను కోయించిన రేకు అక్కడ నన్ను చూస్తోంది. వంగి గాజుకి మొహం ఆనించి చూశాను. నాకు కలిగింది సిగ్గో కోపమో అప్పుడు చెప్పలేకపోయాను.

క్లబ్బు అధ్యక్షుడు టెడ్ నవ్వుతూ వచ్చాడు. మంచివాడే, అదే చిక్కు. డ్రాయర్‌లో కవరు దొరికిందని, అసంపూర్తిగా పెడితే పోయిన మనిషికి చిన్నతనం కాబట్టి తామే పూర్తి చేశామని చెప్పాడు. ఆయన కూడా దీన్ని ఎంత మెచ్చుకున్నాడో చూడండి అని ఆ కవరు కూడా తెచ్చి చూపించాడు. దాని మీద పెన్సిల్‌తో డెస్మండ్ గారి రాత. "తప్పు. కానీ ఎంత చక్కగా కోసింది."

ఆయన దాన్ని పారేయలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట ఆయన నోటినుంచి వినాల్సింది, ఈ మనిషి చేతిలో చదవాల్సి వచ్చింది. పైగా ఉన్నవే రెండు మాటలు. మొదటిది వదిలేసి రెండోదాన్ని సర్టిఫికెట్‌లా పట్టుకుని తిరుగుతున్నారు. తప్పు అని ఇంత స్పష్టంగా రాసి ఉంది కదా అన్నాను. కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, కానీ చూడటానికి బాగుంది కదా, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఊడదీయమన్నాను. అలా కుదరదన్నాడు. ఆ ద్రావకం రెండు రేకుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, విడదీస్తే బోగీ అంతా పగులుతుంది. అది నిజమే. ఆయన బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

"అది గీసింది నేను. చూడకుండా గీశాను" అన్నాను.

టెడ్ మొహం విప్పారింది. "ముందే చెప్పొద్దా? అయితే మీ పేరు కూడా వేస్తాం" అన్నాడు.

నా జీవితంలో నాకు దక్కిన గౌరవాల్లో దాని అంత అవమానం ఇంకొకటి లేదు. అరవాలనిపించింది. అరిస్తే ఎవరో ఇండియన్ ఆంటీ బొమ్మ రైలు కోసం గోల చేసిందంటారు. సరే వేయండి, కానీ నేనే రాస్తాను అన్నాను. రిసెప్షన్ బల్ల మీద ఖాళీ కార్డు తీసుకుని, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాశాను. ఈ వైపు డెస్మండ్ చేసింది కాదు. ఇది ఎలా ఉండేదో ఆయనకి తెలియదు, అందుకే ఖాళీగా ఉంచారు. చూడకుండా గీసింది నేను. ఇందులో మనుషులు నడిచే దారి లేదు. కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసి గాజుకి ఆనించి వచ్చాను.

మధ్యాహ్నానికి తీసేశారు. చూసేవాళ్లు అయోమయపడుతున్నారట. మర్నాడు ఇంకొకటి రాసి పెట్టాను, అదీ తీసేశారు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల క్లబ్బు ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెళుతున్నాను. "టెడ్‌తో నీకు పర్మనెంట్ గొడవ పెట్టిపోయాడు ముసలాయన" అంటాడు మా ఆయన, అంటూనే కారు స్టార్ట్ చేస్తాడు. అతుక్కుపోయిన రేకుని నేను విడదీయలేను. ఆయన పేరుని నా అబద్ధం నుంచి విడదీయగలను. ఆ పని ఈ లోకంలో నేను తప్ప చేసేవాళ్లెవరూ లేరు.

పోయిన ఆదివారం కూడా కార్డు పెట్టాను. టెడ్ దూరంనుంచి చూశాడు, ఒక నిట్టూర్పు విడిచి వేరే పని చూసుకున్నాడు. బహుశా నేను బయటికి రాగానే తీసేసి ఉంటాడు. తీస్తే తీయనీ, నా బ్యాగ్‌లో ఇంకా నాలుగున్నాయి.