మూడు నొక్కుల చదువు

రెండువేళ్ళ మాస్టారుకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండో ఏట అతని కుడిచేతి మూడు వేళ్ళు ప్రెస్సు తినేసింది. రేకు డబ్బాలకి మూతలు కొట్టే ఫ్యాక్టరీ అది. పన్నెండు ప్రెస్సులు పొద్దస్తమానం పైనుంచి దబ్బుమని పడి లేస్తుంటాయి. కింద ఉన్నది రేకా, చెయ్యా అని అవి చూడవు. ఆ రోజు ఫోర్మన్ చేసిన మొదటి పని డాక్టరుకి కబురు పెట్టడం కాదు, అడక్కుండా ప్రెస్సు ఆపినందుకు పక్క మనిషి చెంప ఛెళ్ళుమనిపించడం. తెగిన వేళ్ళు మూతలతోపాటు బుట్టలో పడ్డాయి. అతికిస్తారేమోనని ఎవరో ఏరి కాగితంలో చుట్టి ఆసుపత్రికి తెచ్చారు. అతకలేదు.

ప్రెస్సుకి పనికిరాడని అతన్ని స్టోర్సులో కూర్చోబెట్టారు. అక్కడ మూలన, ఆఫీసువాళ్ళు కొని భయపడి వదిలేసిన కంప్యూటరు ఒకటుంది. మిగిలిన చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుచుకుంటూ దాన్ని లొంగదీశాడు. ఏడాది తిరిగేసరికి పది వేళ్ళున్న గుమాస్తాలు వచ్చి, "ఇది బిగుసుకుపోయింది, కాస్త చూడవా" అని బతిమాలేవాళ్ళు. చూసేవాడు. రెండు చీవాట్లు కూడా పెట్టేవాడు. ఆ చీవాట్ల వల్లే మాస్టారయ్యాడు.

ఐదో మనిషి చెయ్యి పోయాక కంపెనీకి బుద్ధొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ప్రతి ప్రెస్సుకీ ఒక తెర బిగించారు. పనివాళ్ళు కార్డు ఆనించాలి. తెర మూడు ప్రశ్నలడుగుతుంది: అడ్డు తలుపు వేశావా, చేతులు బయట ఉన్నాయా, వెనకాల ఎవరూ లేరు కదా. మూడింటికీ సరే అంటేనే ప్రెస్సు కదులుతుంది. నేర్పే పని మాస్టారుకి అప్పగిస్తే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆ షెడ్డులో ఇంకొక్క వేలు కూడా తెగకూడదు. బతుకులో అతను కోరుకున్నది అదొక్కటే. పైగా ఏడో నంబరు ప్రెస్సు మీద పనిచేసేది అతని సొంత చెల్లెలు.

నేర్పడానికి నలభై మంది, మూడు రోజులు. మొదటి రోజే అందరికన్నా పెద్దాయన్ని పిలిచి, "తెర మీద ఏముందో చదువు బాబాయ్" అన్నాడు. ఆయన తెర వంక చూశాడు, గోడ వంక చూశాడు, మళ్ళీ తెర వంక చూశాడు. వెనకనుంచి ఒకడు కిసుక్కుమన్నాడు. పెద్దాయన తిరిగి వాడి ముక్కు మీద ఒకే ఒక్క గుద్దు గుద్దాడు. రక్తం చొక్కా మీదకి కారింది. వాడి తరఫున ఇద్దరు, ఈయన తరఫున ముగ్గురు లేచారు. బల్ల విరిగింది, ఒకడి పన్ను రాలింది. ఇంతకీ నవ్వినవాడికీ చదవడం రాదు. నలభై మందిదీ అదే సంగతి, ఎవరూ పైకి చెప్పరు.

ఆ దెబ్బతో మాస్టారు చదివించడం మానేశాడు. ఒక ఉపాయం కనిపెట్టాడు. మూడు ప్రశ్నలకీ "సరే" అన్న గడి తెరకి కుడివైపు కిందే వస్తుంది. "చదవక్కర్లేదు. కుడివైపు కింద, టక్ టక్ టక్. మూడు నొక్కులు. అంతే చదువు" అన్నాడు. అందరి మొహాలూ విప్పారాయి. మూడో రోజుకి నలభై మందీ తాళం వేసినట్టు నొక్కుతున్నారు. "చదివి అర్థం చేసుకున్నారు" అన్న కాగితం మీద మాస్టారు సంతకం పెట్టాడు. మేనేజరు భుజం తట్టి, అతని ఫోటో నోటీసు బోర్డు మీద పెట్టించాడు. మాస్టారుకి గర్వం తలకెక్కింది. ఎక్కదా మరి? ఏడాదిపాటు ఒక్క వేలు తెగలేదు.

మరమ్మతు పద్ధతి కూడా మారిపోయింది. ఇదివరకు ఫిట్టరు ప్రెస్సు వెనక దూరాలంటే మెయిన్ స్విచ్చి దింపి వచ్చేవాడు. అలా దింపితే కంప్యూటర్లన్నీ పడుకుంటున్నాయని కంపెనీ అది మాన్పించింది. ఇప్పుడు తెర మీద "మరమ్మతు" అని పెట్టి దూరితే చాలు, ప్రెస్సు దానంతటదే ఆగి ఉంటుంది.

ఏడాది నిండాక తెరలు మార్చారు. మార్చినవాళ్ళెవరో షెడ్డు మొహం చూడలేదు. "కొత్త గడులు వచ్చాయి, మళ్ళీ నేర్పండి" అని మాస్టారుకి ఉత్తరం వచ్చింది. మాస్టారు ఒక ప్రెస్సు దగ్గరికెళ్ళి కుడివైపు కింద మూడుసార్లు నొక్కి చూశాడు. కదిలింది. "మన మూడు నొక్కులకి ఢోకా లేదు" అని వెళ్ళి టీ తాగాడు.

నాలుగో రోజు ఏడో నంబరు మొరాయించింది. ఫిట్టరు తెర మీద మరమ్మతు పెట్టి వెనక దూరాడు. చెల్లెలు అప్పుడే భోజనం చేసి వచ్చింది. ముందునుంచి చూస్తే వెనక మనిషి కనపడడు. ప్రెస్సు మరమ్మతులో ఉంటే కొత్త తెరలో కుడివైపు కింద వచ్చేది "సరే" కాదు, "మరమ్మతు అయిపోయింది". ఆమె కార్డు ఆనించి, అన్నయ్య నేర్పినట్టే నొక్కింది. టక్, మరమ్మతు అయిపోయింది. టక్, ఖాయమే. టక్, నడుపు.

ఫిట్టరు అరుపు పన్నెండు ప్రెస్సుల మోతనీ మించిపోయింది. మోచేతి దాకా లోపల ఉన్న చెయ్యి రేకులా అణిగిపోయింది. నలుగురు పట్టి లాగితే మనిషి వచ్చాడు, చెయ్యి రాలేదు. చెల్లెలు గోడకి తల బాదుకుంటూ ఉంటే ఆడవాళ్ళు పట్టుకోవలసి వచ్చింది. మాస్టారు తెర దగ్గరికి నడిచి వెళ్ళి, అందులో ఉన్నది ఒక్కసారి చదివాడు. 

మర్నాడు పొద్దున మేనేజరు అతన్ని పిలిచి ఒక కాగితం ముందుకి తోశాడు. శిక్షణ సక్రమంగా జరిగింది, కార్మికురాలి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది, అని ఉంది.

"ఆమె మా చెల్లెలండీ" అన్నాడు మాస్టారు.

"తెలుసు. ఉద్యోగం పోతుంది, అంతకన్నా ఏం కాదు. మీరు సంతకం పెట్టకపోతే ఏడాది కిందట పెట్టిన సంతకం బయటికి తియ్యాలి. అప్పుడు పోలీసులొచ్చేది మీకోసం."

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనలేడు. రెండు వేళ్ళమధ్య కలం బిగించి సంతకం పెట్టేశాడు. పెట్టినందుకు అతన్ని నేను క్షమించలేను. తనని తానూ క్షమించుకోలేదు, అది వేరే సంగతి.

ఆ కాగితాన్ని మధ్యాహ్నం గేటు దగ్గర చదివి వినిపించారు. ఫిట్టరు తమ్ముడు అక్కడే లారీలకి సరుకెత్తుతూ అది విన్నాడు. ఇనపరాడ్ పుచ్చుకుని షెడ్డులోకి వచ్చాడు. చెల్లెలు తన సామాన్లు తీసుకోవడానికి వచ్చి ఉంది. జుట్టు పట్టి ఈడ్చి ఏడో నంబరు దగ్గర పడేశాడు. అడ్డొచ్చిన పెద్దాయన మోకాలి మీద రాడ్ పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. మళ్ళీ రాడ్ లేచింది, ఈసారి ఆమె తలమీదకి.

"దాన్ని వదులు. తప్పు నాది" అన్నాడు మాస్టారు.

స్టోర్సులోంచి పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతున్నాడు. "అబద్ధం మీద సంతకం పెట్టాను. నేను దీనికి చదవడం నేర్పలేదు. ఎవరికీ నేర్పలేదు. ఎక్కడ నొక్కాలో చెప్పానంతే. అక్కడి గడి మారితే చూసుకోలేదు."

తమ్ముడు రాడ్ దించి మాస్టారు డొక్కలో కొట్టాడు. రాడ్ చంకలో ఇరికించుకుని, వంగిన మనిషిని మెడ పట్టి ప్రెస్సు దాకా నెట్టి, బాగున్న ఎడమచెయ్యి గుంజి కింది దిమ్మె మీద అదిమాడు. "నొక్కవే" అన్నాడు చెల్లెలితో. "నీ అన్న నేర్పాడుగా. నొక్కు."

"నొక్కను" అందామె నేలమీంచి. "ఏం నొక్కుతున్నానో కూడా నాకు తెలీదు. నిన్నా తెలీదు."

అతను తనే ఆమె కార్డు లాక్కుని తెరకి ఆనించాడు. నాలుగు గడులు వెలిగాయి, నాలుగూ ఒకే నీలం. వేలు లేచి ఆగిపోయింది. "నడపడానికి ఏది?" అని అరిచాడు షెడ్డు వంక తిరిగి. ఎవరూ మాట్లాడలేదు. దాచడానికి కాదు. నలభై మందీ తెర వంకే చూస్తున్నారు, కుడివైపు కింది గడి మారిందని విన్నాక ఏది ఏదో ఒక్కరికీ తెలీదు. కొందరు సిగ్గుతో తల వంచుకున్నారు.

అతను మాస్టారు మొహం తెర వైపు తిప్పి, "నువ్వు చెప్పు" అన్నాడు.

మాస్టారు అబద్ధం చెప్పొచ్చు. పై గడి నొక్కమంటే అన్నీ ఆగిపోతాయి, చెయ్యి దక్కుతుంది. కానీ నలభై మందీ వింటున్నారు. మళ్ళీ తప్పు చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ఎడమవైపు పైన ఉన్నది 'ఆపు'" అన్నాడు. "దాని పక్కది 'మరమ్మతు'. ఎడమవైపు కింద 'వెనక్కి'. కుడివైపు కిందది 'నడుపు'. అది నొక్కితే నా చెయ్యి పోతుంది."

తమ్ముడు ఆ గడుల వంక చాలాసేపు చూశాడు, ఒక్కొక్కదాని మీదా వేలు ఆనించకుండా తిప్పుతూ. తరవాత మాస్టారు చెయ్యి వదిలేశాడు. రాడ్ చంకలోంచి జారి కింద పడింది.

"ఈ నాలుగు ముక్కలేనా?" అన్నాడు. "ఇది చెప్పడానికి నిండా నిమిషం పట్టలేదు కదరా నీకు."