సూర్యుడి కథకు నేను పెట్టిన ముగింపు

1986 జూలైలో నేను భద్రాచలం ప్రాంతంలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉన్నాను. ఒక విజ్ఞాన సర్వస్వం సంపాదకుల నుంచి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. ‘కథల్లో సూర్యుడు’ అనే పద్నాలుగు పేజీల వ్యాసాన్ని పరిశీలించి నివేదిక పంపమన్నారు. రాష్ట్రంలో ఇంతమంది ఉండగా నన్నే ఏరి పట్టుకున్నారని చాలాకాలం చెప్పుకు తిరిగాను. నిజానికి కవరు మీద నా పేరు లేదు. ‘ఫిజిక్స్ లెక్చరర్ గారికి’ అని మాత్రమే ఉంది. ఆ పనికి ఒప్పుకున్నది నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన. ఆయన బదిలీ మీద నేలకొండపల్లి వెళ్ళిపోయాడు, కవరు నా బల్ల మీదికి వచ్చింది.

ఈ పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం చెప్తాను. టైపు ప్రతిలో ఎడమ మార్జిన్ పరిశీలకుడిది, కుడి మార్జిన్ రచయితది. నీలం పెన్సిల్‌తో గీస్తే సందేహం, ఎర్ర పెన్సిల్‌తో గీస్తే కొట్టివేత. చివర కార్బన్ పెట్టి మూడు ప్రతుల నివేదిక ఇవ్వాలి. అన్నిటికన్నా గట్టి నిబంధన ఒకటుంది: అచ్చయిన ఆధారం లేని మాట ఒక్కటీ వ్యాసంలో ఉండకూడదు, ఆధారంలో ఏముందో వ్యాసంలోనూ అదే ఉండాలి.

వ్యాసంలో చల్లారిపోతున్న సూర్యుడి కథలున్నాయి, సూర్యుడి మీదికి ఓడల్లో పోయేవాళ్ళ కథలున్నాయి. ఓడ పక్కన ‘ఆ వేడికి కరిగిపోతుంది’ అని నీలం పెన్సిల్‌తో రాశాను. ‘ఇది కథ సార్’ అని కుడి మార్జిన్‌లో జవాబు వచ్చింది. జవాబు రాసినాయన సోమయ్య. సారపాక అవతల, వెదురు లారీలు తిరిగే దారిలో ఒక అడవి ఊళ్ళో స్కూలు టీచరు. అది ఆయన మొదటి వ్యాసం.

పన్నెండో పేజీలో ఆ ఊరి కథ ఒకటుంది. సూర్యుడు రోజూ ఊరి చివర ఇంటికి వచ్చి, లోపలికి రానిమ్మని అడిగేవాడు. నువ్వొస్తే కప్పు అంటుకుంటుందని ఆ ఇంటి ఆడమనిషి కంచె మీదుగానే జావ పోసి పంపేసేది. ఒకనాడు ఆమె పొయ్యి ఆర్పకుండా అడవికి పోయింది. పొయ్యిలో నిప్పు చూసి, నా చుట్టం లోపలే ఉన్నాడు కదా అనుకొని సూర్యుడు లోపలికి నడిచాడు. ఇల్లు కాలిపోయింది.

అచ్చులో ఆధారం లేదు కాబట్టి ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను. వారం తిరక్కుండా సోమయ్య కాలేజీకి వచ్చాడు.

“సార్, గదొక్కటి తీస్తే మిగిలిందంత లైబ్రరీల దొరికేదే. కథ పోతే వ్యాసం వాపస్ తీస్కుంట.”

“ఏ పుస్తకంలో ఉందో చెప్పు, ఉంచుతాను.”

“పుస్తకంల లేదు సార్. మా ఊరి ముత్తమ్మ నోట్ల ఉంది.”

ఆయన ముఖం చూస్తే తిప్పి పంపబుద్ధి కాలేదు. ఒక ఉపాయం చెప్పాను. మా కాలేజీ వార్షిక సంచికకు సంపాదకుణ్ణి నేనే. కథను అందులో అచ్చు వేస్తే, ఆ పేజీ నంబరే ఆధారమవుతుంది. ఆ ఉపాయానికి విజ్ఞాన సర్వస్వం సంపాదకులు నన్ను మెచ్చుకున్నారని కూడా చెప్పుకున్నాను. మెచ్చుకోలేదు. వాళ్ళకు తెలియనే తెలియదు.

మార్చిలో సంచిక వచ్చింది. కథలో అక్షర దోషాలు మాత్రమే దిద్దానని సోమయ్యకు చెప్పాను. అసలు సంగతి, ముగింపు మార్చేశాను. ఇల్లు కాలడం పిల్లలు చదివే సంచికకు బాగుండదనిపించింది. సూర్యుడు గడపలో ఆగి, తాగిన జావ గుర్తొచ్చి చల్లబడ్డాడనీ, ఆ ఇల్లు మరెన్నడూ కాలదని వరమిచ్చాడనీ రాశాను. నిబంధన ప్రకారం విజ్ఞాన సర్వస్వం వ్యాసంలోనూ ముగింపు అలాగే మార్పించాను. సంచిక చూసిన సోమయ్య, ముత్తమ్మకు చదివి వినిపిద్దాం రండి సార్, అని మాత్రం పిలిచాడు. శాలువా ఏమైనా కప్పుతారేమోనన్న ఆశతో వెళ్ళాను.

పదకొండింటికి ఊరు చేరాం. ఎవరూ టీ ఇవ్వలేదు. నా ముఖం చూసి సోమయ్య చెప్పాడు: ఎండాకాలం గాలి లేచిందంటే ఈ ఊళ్ళో పొయ్యి ముట్టించరు. పొద్దున్నే వండుకొని, కుండ కడిగిన నీళ్ళు పొయ్యిలో పోసి ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. పిల్లలకు ఆ కథ చెప్పేది కూడా ఈ నెలల్లోనే.

ముత్తమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. చాప మీద పువ్వు ఎండబోస్తూనే విన్నది. నా ముగింపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

“గిది మా కథ గాదు సారూ.”

“ఎందుకమ్మా? మంచిగానే అయిపోయింది కదా.”

“మా ఊరు రెండు మాట్లు కాలింది. రెండోమాటు నా చెల్లె లోపలుండె. ఇల్లు కాలదని మీరు రాస్తిరి. గది చదివి పోరగాండ్లు ఇగ పొయ్యి ఎందుకు ఆర్పుతరు?”

ఆమె మళ్ళీ అడిగింది.

“మీది గడ్డి ఇల్లా, పెంకుటిల్లా?”

“స్లాబమ్మా.”

“అవ్, గందుకే,” అని మళ్ళీ పువ్వు పరచసాగింది.

తిరుగు బస్సులో సోమయ్యను, ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను. “నేను చెప్తే ఇంటరా సార్? మీరు పరిశీలకులు గదా,” అన్నాడు. ఆ మాటలో వెటకారం ఎంతో, మర్యాద ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ సాయంత్రమే సంపాదకులకు ఉత్తరం రాసి పడేశానని మా ఇంట్లో చెప్పాను. రాసిన మాట నిజం. పోస్టు డబ్బాలో వేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆధారంగా చూపిన పేజీ నేనే అచ్చు వేయించానని, ముగింపు నా సొంత కల్పన అని, దాన్ని తీసేసి ముత్తమ్మ చెప్పినట్టే వేయాలని అందులో రాశాను. వచ్చే ఏడాది సంచికలో సవరణ వేస్తానని కూడా రాశాను, వేశాను. సంపాదకుల జవాబు ఒక్క పేరా. దాంట్లో నాకు ధన్యవాదాలు లేవు.

సంపుటం వచ్చాక తెరిచి చూశాను. కథలో ఇల్లు కాలింది. కింద ‘మౌఖికం: ముత్తమ్మ’ అని ఉంది. అచ్చయిన ఆధారమే అబద్ధమని తేలాక వాళ్ళు నిబంధన సడలించారు. పరిశీలకుల జాబితాలో నా పేరు లేదు. ఆ తర్వాత వాళ్ళ నుంచి నాకు మరే కవరూ రాలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఒక కథను పరిశీలించేవాడు అది ఎక్కడ అచ్చయిందని అడగడానికి ముందు, దాన్ని ఏ రోజుల్లో, ఎందుకు చెప్తారో అడగాలి. మా నివేదిక ఫారంలో దానికి గడి లేదు. నేనైనా మార్జిన్‌లో నీలం పెన్సిల్‌తో అడిగి ఉండాల్సింది.