కొవ్వు లేని పేగులు

ఈ అరబ్బు దేశంలో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ జపాను వాళ్ల ఫ్లాటులో వంటకు చేరి అప్పటికి పది రోజులు. నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటానని సారు ముందే చెప్పాడు. నచ్చకపోతే మళ్లీ కూలీల క్యాంపు, మళ్లీ మీనా సల్మాన్ రేవులో గోదాముల దగ్గర ఎండలో బస్తాలు. ఆ ఎండ తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

ఒకరోజు మధ్యాహ్నం మేడం తన ఫోను నా ముందు పెట్టింది. ఆమెకు హిందీ రాదు, నాకు జపాను రాదు. ఆమె ఏదైనా అంటే ఫోను దాన్ని తెలుగులో రాసి చూపేది. 'ఈ సాయంత్రం పేగుల పులుసు చేద్దాం. మా ఊళ్లో ఆవు పేగులతో చేస్తారు. మీరు ముట్టరని గొర్రెవి తెప్పించాను. కడిగి ఉంచండి' అని ఉంది.

పేగులనగానే ప్రాణం లేచొచ్చింది. బోటి కడగడంలో మా వాడలో నన్ను మించినవాడు లేడు. పండక్కి యాటను కోస్తే పేగుల గిన్నె నేరుగా నా ముందుకే వచ్చేది. మేడం బజారుకు పోగానే పని మొదలుపెట్టాను. పేగులకు పట్టిన తెల్లటి కొవ్వంతా కత్తితో గీకి చెత్తబుట్టలో వేశాను. పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ నిమ్మరసమూ పట్టించి, వేడినీళ్లలో మూడుసార్లు కడిగాను. ముక్కలు కోసి ఉడికించి మూతపెట్టాను.

ఇల్లు తుడిచే అక్కది కాకినాడ వైపు. మూత తీసి చూసి, "ఏంటి తమ్ముడూ, మల్లెపూలల్లే తెల్లగా చేసేవు!" అంది. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

అయోమయమంతా మేడం వచ్చాకే. కారం లేదు, మసాలా లేదు, పోపు అసలే లేదు. చేపల వాసన వచ్చే పలచటి నీళ్లలో నల్లటి సోయా రసం పోసింది. నా ముక్కల మీద పచ్చి క్యాబేజీ గుట్టగా పేర్చింది, వెల్లుల్లి చల్లింది. తర్వాత ఆ కుండను ఉడికించకుండా అట్లాగే భోజనాల బల్ల మీదికి తీసుకుపోయి, చిన్న పొయ్యి మీద పెట్టి, మొగుడూ పెళ్లాలు దాని ముందు కూర్చున్నారు. తినేవాళ్లే వండుకుంటారట!

"గిట్లయితే నేనెందుకక్కా? ఒక్క మిరపకాయన్న దంచెయ్యనియ్యలే" అన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తినేది ఆళ్లు. నువ్వు నోర్మూసుకుని నిలబడు" అంది అక్క.

నిలబడ్డాను. సారు ఒక ముక్క నమిలాడు. ఇంకొకటి నమిలాడు. మేడం కుండలో తినే పుల్లలతో ఏదో వెతికింది. తర్వాత లేచి వంటగదిలోకి వచ్చి చెత్తబుట్ట మూత ఎత్తింది. నేను గీకిన తెల్లటి కొవ్వు గుప్పెళ్లకొద్దీ కనిపించింది. ఖలాస్, రేపు క్యాంపే అనుకున్నాను.

మేడం ఫోనులో చాలాసేపు మాట్లాడి నాకు చూపించింది. 'మా పులుసుకు రుచి కొవ్వులోనే ఉంది. కానీ అది మీ ఆచారానికి విరుద్ధమని మాకు తెలియదు. మీ మనసు నొప్పించినందుకు క్షమించండి' అని ఉంది. చదవడం అయ్యేసరికి ఆమె నా ముందు నడుము దాకా వంగి నిలబడింది.

ఏ ఆచారం? మా ఇంట్లో కొవ్వు ముక్క కోసం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం. బోటికి మాత్రం నీచు వాసన రాకూడదని గీకుతాం, అంతే. అది ఎట్లా చెప్పాలో తెలియలేదు. తప్పు నాదైతే ఆమె ఎందుకు వంగిందో కూడా అర్థం కాలేదు. కళ్ల ముందు బస్తాలు కనిపించాయి. అవునన్నట్టు తలూపాను.

నన్ను ఉంచుకున్నారు. రెండేళ్లయింది. చలికాలంలో నెలకోసారైనా ఆ పులుసు చేసుకుంటారు. ఇప్పుడు పేగులు నేరుగా నా చేతికి ఇవ్వరు. నా ఆచారం చెడకూడదని మేడమే ముందు కూర్చుని, చిన్న కత్తితో కొవ్వంతా గీకి పారేసి, అప్పుడు గిన్నె నాకు అందిస్తుంది. సారు ఆ చప్పటి ముక్కలనే నములుతాడు. నేను పక్కన నిలబడి చూస్తుంటాను.