కేకు, ఏసీ, ఒకే ఫేజు

ఏ తీగలో ఎంత కరెంటు పంపితే దారిలో తక్కువ వృథా అవుతుందో లెక్కలు కట్టడం నా ఉద్యోగం. పగలంతా ఊరి లైన్లన్నీ కంప్యూటర్‌లో చక్కదిద్ది, సాయంత్రం నాంపల్లి సందులోని మా పాత బిల్డింగ్‌కు వస్తే, ఇంట్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నిదానంగా తిరుగుతుండేది.

బిల్డింగ్‌కు కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు వేర్వేరు తీగల్లో వస్తుంది. ప్రతి ఇంట్లో ఫేజు మార్చుకునే స్విచ్ ఉంది. ఒక ఫేజులో వోల్టేజి తగ్గగానే అందరూ రెండోదానికి తిప్పేవాళ్లు. అది నీరసపడగానే అందరూ కలిసి మూడోదానికి. వదిలేసి వచ్చిన ఫేజు మాత్రం హాయిగా ఖాళీగా ఉండేది.

ఆ ఎండాకాలం నేనే పూనుకున్నాను. ఎవరింట్లో ఏది ఏ వేళకు నడుస్తుందో అడిగి, ఎవరెవరు ఒక ఫేజులో ఉంటే మూడింటి మీదా బరువు సమానంగా పడుతుందో లెక్క కట్టాను. పై అంతస్తు టీచరమ్మ రిటైరయ్యాక కేకులు చేసి అబిడ్స్‌లో ఒక బేకరీకి ఇస్తోంది. ఆమె ఓవెన్ మధ్యాహ్నం నడుస్తుంది. కింది ఇంటి బట్టల వ్యాపారి సుల్తాన్ బజార్ దుకాణం మూసి వచ్చాకే ఏసీ వేస్తాడు. కాబట్టి ఇద్దరికీ ఒకే ఫేజు అని తేలింది.

కానీ టీచరమ్మ పూలకుండీల నీళ్లు ఆయన కారు మీద పడ్డప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

"గాయనతోని ఒకే లైన్లనా? నీ కంప్యూటర్‌కు ఇంకెవ్వరు దొరకలేదా?" అంది టీచరమ్మ.

"నా కరెంటుల ఆమె కరెంటు గిట్ట కలుస్తదా ఏంది బిడ్డా?" అని వ్యాపారి అనుమానం.

సరేనని వాళ్లను విడదీసి కొన్నాళ్లు నడిపి చూశాం. మిగతా ఇళ్లలో ఫ్యాన్లు మూలిగాయి. చివరికి అందరూ బతిమాలితే ఇద్దరూ మూతులు ముడుచుకునే ఒప్పుకున్నారు. ఎలక్ట్రీషియన్‌తో స్విచ్‌లు కదలకుండా బిగించాం. ఫ్యాన్లు జోరందుకున్నాయి. నా నడకలో కూడా కాస్త ఠీవి వచ్చింది.

ఒకరోజు బజారులో రోడ్డు తవ్వుతున్నారని వ్యాపారి మధ్యాహ్నమే ఇంటికొచ్చి ఏసీ వేశాడు. నా లెక్కలో రోడ్డు తవ్వకం లేదు. నా ఇల్లూ అదే ఫేజులో ఉంది. ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్న నాకు లైటు మసకబారడం కనిపించింది. ఆ వెంటనే టీచరమ్మ, మాటల్లేవన్న సంగతే మరిచిపోయి, మెట్ల మీద నుంచి కేకేసింది.

"అన్నా, జర ఏసీ బంద్ జెయ్యున్రి! ఓవెన్ల కేకు కూలవడ్తది!"

"ఎంతసేపు టీచరమ్మా?"

"గింతసేపే!"

ఆయన ఏసీ ఆపి, బనీనుతో మెట్ల మీద కూర్చుని అట్టముక్కతో విసురుకుంటూ ఎదురుచూశాడు. లెక్క కట్టింది నేనే కదా, ఏం తోచక బయటికొచ్చి పక్కన కూర్చుని నేనూ ఆయనకు విసిరాను. కాసేపటికి టీచరమ్మ పళ్లెంతో దిగి, మొదటి ముక్క ఆయనకిచ్చింది.

"మస్తున్నది," అన్నాడు నోటినిండా కేకుతో.

"ఇగ ఏసీ ఏస్కోన్రి," అందామె.

ఆ తర్వాత దుకాణం తొందరగా మూసే రోజున ఆయన ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. నాకు కాదు, టీచరమ్మకు.